మునగాల్సిన పడవ

ఇంగ్లండ్
12 ఆగస్టు 2023

అత్తా,

మొన్న ఫోన్లో నువ్వు అరిచావు, నేను ఏడ్చాను, శివ బావ మధ్యలో ఫోన్ లాక్కుని "సిగ్నల్ పోయింది" అని అబద్ధం చెప్పాడు. అందుకని ఈ కాగితం. కాగితం మీద నువ్వు అరవలేవు, నేను ఏడిస్తే నీకు తెలియదు.

విషయానికొస్తాను. నేను పనిచేసే మ్యూజియం ఇక్కడ తూర్పు తీరంలో ఒక చిన్న ఊళ్ళో ఉంది. తెల్లవాళ్ళు ఏలిన రోజుల్లో వేరే దేశాల నుంచి తెచ్చిన వస్తువులు ఇందులో చాలా ఉన్నాయి. అవి ఎవరివి, ఎలా వచ్చాయి, వాటి కింద రాసిన మాటలు నిజమేనా అని మళ్ళీ చూడడానికి నన్ను రెండేళ్ళ ఒప్పందం మీద తీసుకున్నారు. "రాళ్ళూ రప్పలూ చదివి ఏం చేస్తావే" అని నువ్వు అడిగావు కదా, ఇదీ నేను చేసే పని.

పోయిన వారం పిల్లల గదిలోకి వెళ్ళాను. ఒక చెక్క గుర్రానికీ, పింగాణీ బొమ్మకీ మధ్య ఒక పడవ ఉంది. మూరెడు పొడుగు. లోపల మట్టి గుళ్ళు. కింద ఇలా రాశారు: "ఆటబొమ్మ పడవ, సరుకు పూసలతో సహా. కృష్ణా ముఖద్వారం, మద్రాసు ప్రెసిడెన్సీ." అద్దం పక్కన ఒక బటన్ ఉంది. నొక్కితే అలల చప్పుడు వస్తుంది. పిల్లలు పొద్దస్తమానం దాన్ని నొక్కుతూనే ఉంటారు.

మీ ఇంట్లో దూలానికి వేలాడేది గుర్తొచ్చింది. ఫోటోలు పెడుతున్నాను. అడుగు భాగం ఫోటో కూడా ఉంది, చూడు. నేను అనుకున్నదే అయితే ఫోన్ చెయ్యకు. రాయి.

ఇక్కడ ఆగస్టులో కూడా స్వెటర్ వేసుకోవాల్సి వస్తోంది. ఎండుచేప వండితే పై ఇంటావిడ తలుపు కొట్టింది. గ్యాస్ లీకయిందనుకుందట.

నీ మేనకోడలు
ప్రసన్నలక్ష్మి


మడదిబ్బ, నాగాయలంక మండలం
4 సెప్టెంబరు 2023

ప్రసన్నా,

నీ ఉత్తరం తెచ్చి పోస్టుమాన్ ఏసుబాబు వెంటనే ఇవ్వలేదు. గుమ్మంలో నిలబడి, "అచ్చమ్మ గారూ, స్టాంపు మీద రాణీగారు లేరేంటండీ?" అన్నాడు. "ఆవిడ పోయిందయ్యా. ఇప్పుడు కొడుకు" అన్నాను. "అయితే పెత్తనం ఇంట్లోనే ఉందన్నమాట" అని చేతిలో పెట్టి వెళ్ళాడు.

అది ఆటబొమ్మ కాదని నీకు తెలుసు. తెలిసే నన్నడిగావు. పదిహేనేళ్ళ పిల్లవి, అప్పుడు నిన్ను కూర్చోబెట్టి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను. ఇది నీకు చెబుతున్నాను. నీకు మాత్రమే.

సముద్రంలోకి వెళ్ళినవాడు తిరిగి రాకపోతే, శవం కూడా దొరకకపోతే, మన దిబ్బ మీద మడచెట్టు కర్రతో మూరెడు పడవ చేస్తాం. అతని వలకి బరువు కోసం కట్టిన మట్టి గుళ్ళు అందులో పోస్తాం. ఆటుపోట్లలో ఆటు చూసుకుని నది కలిసే చోట వదులుతాం. వదిలే ముందు అతని పెద్ద బిడ్డ బరమా పట్టుకుని అడుగున బెజ్జం పెట్టాలి. బెజ్జంలోంచి నీళ్ళెక్కుతాయి, గుళ్ళ బరువుకి పడవ దిగిపోతుంది. కింద ఉన్నవాడికి పడవ అందుతుంది. ఆ పడవ మునిగినప్పుడే మనిషి పోయినట్టు. అప్పటిదాకా అతను వేటలో ఉన్నట్టే లెక్క. మునిగాక పదకొండో రోజున ఇంటి ఆడదానికి బొట్టూ గాజులూ తీస్తారు.

మా అన్నయ్య, మీ నాన్న పడవ మీ మావయ్య చేశాడు. నీ చేతికి బరమా ఇస్తే తీసుకెళ్ళి కాలవలో పారేశావు. "మా అమ్మ గాజులు పగలగొట్టడానికి నేను బెజ్జం పెట్టను" అన్నావు. నిన్నెవరూ ఏమీ అనలేదు. పడవ దూలానికి కట్టాం. మీ మావయ్య కూడా పోయాడు, పడవ అక్కడే ఉంది.

ఇక నువ్వు పంపిన ఫోటో. అడుగున గుండ్రంగా వేరే రంగు మచ్చ ఉంది, చూశావా? అది బెజ్జం. లప్పం పెట్టి మూసేశారు. పెన్సిలు మొనంత ఉంది, చిన్నది. బెజ్జం చూపుడు వేలంత ఉండాలి. చిన్నదయితే పడవ మునగదు, పోటుకి ఒడ్డుకొస్తుంది. అలా వస్తే ఇంటివాళ్ళు వెతికి పట్టుకుని, బెజ్జం పెద్దది చేసి మళ్ళీ వదలాలి. ఆ ఇంట్లో కూడా చెయ్యి రాని బిడ్డ ఎవరో ఉన్నారన్నమాట. వాళ్ళు వెతుక్కుంటూ వచ్చేలోపే దొర ఏరుకుని పోయాడు.

ఆ పడవ మనకి పంపమని చెప్పకు. ముంచమని చెప్పు. సముద్రం వాళ్ళ గుమ్మంలోనే ఉంది కదా.

మంచు గడ్డ లారీ రెండు రోజులుగా రాలేదు. చేపలన్నీ ఎండబెట్టుకోవాల్సిందే. శివ రొయ్యల చెరువు పనిలో పడి తిండి కూడా మానేశాడు.

అత్త
అచ్చమ్మ


ఇంగ్లండ్
27 సెప్టెంబరు 2023

అత్తా,

నువ్వు చెప్పింది నిజం. పాత ఫైలు తీశాను. 1893లో బందరు రేవులో పనిచేసిన ఒక అధికారి దాన్ని "ఇసుకలో దొరికిన ఆటబొమ్మ" అని రాసి ఇచ్చాడు. 1974లో ఇక్కడి వాళ్ళే రంధ్రాన్ని "పాడైన చోటు"గా రాసుకుని పూడ్చేశారు. పూడ్చినందుకు ఫైల్లో ఒక మెచ్చుకోలు కాగితం కూడా ఉంది.

మా పై అధికారి పేరు మార్గరెట్. మంచి మనిషి. నేను చెబుతుంటే ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అయ్యాక లేచి వెళ్ళి, అలల చప్పుడు బటన్ తన చేత్తోనే ఊడబీకింది. ఆ రోజే పడవని పిల్లల గది నుంచి తీయించింది.

ఆ తర్వాత అడిగింది: "వాళ్ళు ఏం కోరుతున్నారు?" ముంచాలని కోరుతున్నారన్నాను.  ట్రస్టీలని అడగాలంది. తిరిగి ఇచ్చెయ్యడానికైతే వాళ్ళు సిద్ధంగానే ఉంటారని, ముంచడం మాత్రం కొత్త ప్రశ్న అని అంది.

ఈలోగా మీలో ఎవరైనా వీడియోలో మాట్లాడితే బావుంటుందట. ఇన్నాళ్ళూ వీళ్ళే మాట్లాడారు కదా, ఇకనైనా మీ గొంతు వినపడాలని మార్గరెట్ అంటోంది. నాకు సబబే అనిపించింది. ఆలోచించు.

స్వెటర్ మీద ఇంకో స్వెటర్ వేశాను.

ప్రసన్న


మడదిబ్బ
20 అక్టోబరు 2023

ప్రసన్నా,

"తిరిగి ఇచ్చెయ్యడానికి సిద్ధం" అని నువ్వు రాసిన ఒక్క వాక్యం శివ పైకి చదివాడు. అంతే. సాయంత్రానికి దిబ్బంతా పాకింది. "పడవకి వీసా కావాలా?" అని ఒకడు, "విమానంలో వస్తుందా, ఓడలో వస్తుందా?" అని ఒకడు. ముసలి నాగేశ్వరమ్మ తన తాతముత్తాతలదే అయ్యుంటుందని చెంగు నోట్లో పెట్టుకుని ఏడ్చింది. ఎవరిదో మనకి తెలియదని చెప్పాను. "తెలియకపోతే అందరిదీనూ" అంది. 

నాలుగో రోజు విజయవాడ నుంచి కారొచ్చింది. గిరిధర్ అని, ఏదో ట్రస్టు మనిషట. కొత్త మ్యూజియం కడుతున్నారట. తెల్ల లాల్చీ, చేతిలో పూలబొకే. బొకే నాకివ్వాలో పడవకివ్వాలో తెలియక కుర్చీలో పెట్టాడు.

"అమ్మా, మన సంపద మనకి వస్తోంది. మేళతాళాలతో తెచ్చుకుందాం. ఏసీ గది, ప్రత్యేకమైన అద్దం, లైటింగ్. పక్కనే మీ ఫోటో కూడా పెడతాం" అన్నాడు.

"ఆ అద్దంలోంచి ఈ అద్దంలోకా నాయనా?" అన్నాను.

"అది పరాయి అద్దం అమ్మా, ఇది మనది."

"లోపలున్నవాడికి తేడా ఏం తెలుస్తుంది?"

అతనికి కోపం రాలేదు. "మునిగిపోతే రేపటి పిల్లలకి ఏం చూపిస్తాం?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. "ఎలా చెయ్యాలో చూపిస్తాం. కర్రకి కరువా, సముద్రానికి కరువా?" అన్నాను. టీ తాగాడు, వెళ్ళాడు. బొకే మేక తినేసింది.

వీడియో సంగతి. నేను మాట్లాడను. నూట ముప్పై ఏళ్ళు మమ్మల్ని అడక్కుండా రాశారు. ఇప్పుడు అడిగి రాస్తారట. మేం చెప్పం అనే జవాబు కూడా మా గొంతే అని ఆవిడకి చెప్పు.

అత్త


ఇంగ్లండ్
11 డిసెంబరు 2023

అత్తా,

ట్రస్టీల సమావేశం అయింది. నేను బయట బల్ల మీద కూర్చున్నాను, లోపలికి రానివ్వలేదు. నాశనం కాబోయే వస్తువుని ఇవ్వడానికి వాళ్ళ చట్టం ఒప్పుకోదట. కాపాడగల సంస్థకైతే ఇస్తారట. అంటే గిరిధర్ గారికి ఇస్తారు, నీకు ఇవ్వరు.

కానీ ఒకటి సాధించాను. పడవని పెద్ద గదిలోకి మార్చారు, ఆటబొమ్మ అన్న మాట పోయింది. కొత్త లేబుల్ నేనే రాశాను. ఈ మ్యూజియంలో మన మనిషి రాసిన మొదటి లేబుల్ ఇదే. ఫోటో పెడుతున్నాను. నీకోసం తెలుగులో కూడా రాస్తున్నాను:

"ఇది ఆటబొమ్మ కాదు. సముద్రంలో పోయినవారికి కృష్ణా ముఖద్వారపు జాలర్లు చేసే పడవ. అడుగున ఉన్న రంధ్రాన్ని ఈ మ్యూజియం పొరపాటున మూసివేసింది. మడదిబ్బ గ్రామస్థురాలు అచ్చమ్మ మాటల్లో: 'కింద ఉన్నవాడికి పడవ అందుతుంది.' 2010లో సముద్రంలో మరణించిన ఆమె అన్న నాంచారయ్య కోసం చేసిన ఇలాంటి పడవ ఇప్పటికీ ఆమె ఇంట్లో ఉంది."

వచ్చినవాళ్ళు దీని ముందు నిలబడి చదువుతున్నారు. నిన్న ఒక ముసలాయన టోపీ తీశాడు. ఆయన తండ్రి కూడా చేపల వేటలో పోయాడట. వెబ్‌సైట్‌లో కూడా పెట్టారు. శివ బావకి లింక్ పంపాను.

నువ్వు సంతోషిస్తావనుకుంటున్నాను.

ప్రసన్న


మడదిబ్బ
8 జనవరి 2024

ప్రసన్నలక్ష్మికి,

నీకు మాత్రమే అని రాశాను. నువ్వు గోడకెక్కించావు.

అది పక్కన పెట్టు. "మరణించిన నాంచారయ్య" అని రాశావు. ఈ పదమూడేళ్ళలో ఆ మాట ఈ ఇంట్లో ఎవరైనా అన్నారా? పడవ మునగలేదు. నువ్వే ముంచనివ్వలేదు. ముంచకుండానే ఇంగ్లీషులో మా వదినని విధవని చేశావు.

శివ గొప్పగా చుట్టాల గ్రూపులో పెట్టాడు, "మన ప్రసన్న రాసింది" అని. గుడివాడలో మీ అమ్మ ఉంటున్న వాళ్ళ తమ్ముడి ఇంటి పక్కన నోము. పేరంటానికి మీ అమ్మని పిలిచారు, వెళ్ళింది. కుంకుమ భరిణె వరసగా వస్తూ మీ అమ్మ దగ్గర ఆగలేదు. పక్కావిడకి వెళ్ళిపోయింది.  మీ అమ్మ లేచి ఇంటికొచ్చింది.

ఆ దొర ఆటబొమ్మ అని రాశాడు. వాడికి తెలియక రాశాడు. నీకు తెలుసు.

అచ్చమ్మ


ఇంగ్లండ్
2 ఫిబ్రవరి 2024

అత్తా,

నీ ఉత్తరం అందిన రోజే లేబుల్ తీసేశాను. అనుమతి అడగలేదు. స్క్రూడ్రైవర్ తీసుకెళ్ళి తీసేశాను. మార్గరెట్ పిలిచి, పద్ధతి ఇది కాదంది. "నా తండ్రి పేరు. నేను రాశాను, నేను తీశాను. కావాలంటే నన్ను కూడా తీసెయ్యండి" అన్నాను. తియ్యలేదు. వెబ్‌సైట్‌లోంచి కూడా పోయింది. పడవ ఇప్పుడు గోదాంలో ఉంది. అద్దం పెట్టె ఖాళీగా ఉంది. దాని మీద ఒక్క వాక్యం పెట్టాం: "ఇక్కడ ఉన్నదాన్ని ఇక్కడ ఉంచవద్దని దాని మనుషులు చెప్పారు." అంతకు మించి రాయలేదు.

నీ మాట బయటపెట్టడం తప్పు. నాన్న గురించి ఆ మాట రాయడం ఇంకా పెద్ద తప్పు. నేను సాకులు చెప్పను. అమ్మ ఫోన్ ఎత్తడం లేదు.

కానీ అత్తా, ఒకటి నేనూ అడుగుతాను. భరిణెని అమ్మ ముందు ఆపకుండా పంపింది మ్యూజియమా? ఆ చెయ్యి పక్కింటావిడది. పదకొండో రోజున గాజులు పగలగొట్టమని ఏ దొర రాశాడు? అది మనం రాసుకున్నదే, కాగితం లేకుండా. నేను బరమా పారేసింది నాన్న బతికున్నాడన్న భ్రమతో కాదు. మీరు అమ్మని ఏం చేస్తారో తెలిసి. వీళ్ళు ఒక పడవని అద్దంలో పెట్టి మునగనివ్వలేదు. మనం ఒక పడవని దూలానికి కట్టి, కింద అమ్మని పదమూడేళ్ళు కూర్చోబెట్టాం. ఆవిడ అటూ కాదు, ఇటూ కాదు.

వాళ్ళతో పోట్లాడమని నువ్వే నేర్పావు. నీతో కూడా పోట్లాడతాను.

ప్రసన్న


మడదిబ్బ
17 మార్చి 2024

ప్రసన్నా,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేదు. రాస్తే తిట్టేదాన్ని. నాలుగు వారాలు ఎండుచేపలు మూటలు కట్టుకుంటూ దానితోనే పోట్లాడాను. ఒక్కోసారి నువ్వు గెలిచావు.

పోయిన ఆదివారం గుడివాడ వెళ్ళాను. మీ అమ్మ మిషన్ మీద చీరలకి ఫాల్స్ కుడుతోంది. నేను కూర్చున్నా ఆపలేదు.

"వదినా, ఏం చెయ్యమంటావు?" అన్నాను.

"ఈ మాట పదమూడేళ్ళలో ఎవరూ అడగలేదు" అంది.

"ఇప్పుడు అడుగుతున్నానుగా."

దారం తెంపి, నా వైపు తిరిగింది. "ఆయన లేరని నాకు ఆ మర్నాడే తెలుసు అచ్చమ్మా. మనిషి లేకుండా పడవ ఒక్కటే కొట్టుకొచ్చింది, నేను చూశానుగా. పిల్ల నా కోసం ఆగింది. నేను పిల్ల కోసం ఆగాను. నువ్వు మా ఇద్దరి కోసం ఆగావు. ఆయనొక్కరే కింద పడవ లేకుండా ఉన్నారు."

నేను కింద పడిన దారం ముక్క ఏరాను.

"ముంచండి. కానీ నేను బొట్టు తియ్యను. గాజులూ తియ్యను. ఇవి ఆయన పెట్టినవి కాదు. నాకు మూడో ఏట మా అమ్మ పెట్టింది. ఆవిడొచ్చి తీస్తే తీసుకోమను" అంది. మళ్ళీ మిషన్ తొక్కింది.

తిరిగొచ్చి చేపల వేలం షెడ్డులో పెద్దలని కూర్చోబెట్టాను. చెప్పాను. గోల. మోహనకృష్ణ లేచాడు, సొసైటీ ప్రెసిడెంటు, నీకు గుర్తే. "అచ్చమ్మా, ఇదేం న్యాయం? తెల్లవాళ్ళ దగ్గర మా ఆచారం, మా ఆచారం అని నువ్వేగా అరిచింది? ఇప్పుడు నువ్వే మారుస్తానంటే ఎలా?"

"వాళ్ళకి మార్చే హక్కు లేదని అరిచాను. మనకి లేదని ఎప్పుడన్నాను? అద్దంలో పెట్టినదే మారకుండా ఉంటుంది బావా. మనం అద్దంలో లేం."

"పదకొండో రోజు మేం రాం" అన్నాడు.

"రాకండి. భోజనాలు మిగిలితే మేకకి పెడతాను. దానికి బొకేలు కూడా అలవాటే" అన్నాను. ఆడవాళ్ళ వైపు నవ్వారు. నాగేశ్వరమ్మ నవ్వలేదు. లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. ఆవిడ గాజులు పగలగొట్టినప్పుడు ఆవిడకి ఇరవై రెండేళ్ళు.

బెజ్జం పెట్టాల్సింది నువ్వు. అది మాత్రం మారదు, ఎందుకంటే అది మార్చాలని నాకు లేదు. సెలవు దొరకాలి, వీసా చూసుకోవాలి అంటావు. నువ్వొచ్చేదాకా ఆగితే మళ్ళీ ఏళ్ళు గడుస్తాయి. పడవే నీ దగ్గరికి వస్తుంది.

అత్త


బందరు
5 ఏప్రిల్ 2024

ప్రసన్నా,

బందరు పెద్ద పోస్టాఫీసులో కూర్చుని రాస్తున్నాను. ఈ కాగితం కూడా పార్శిల్లోనే పెడతాను.

పొద్దున అవనిగడ్డలో బస్సెక్కాను. పడవని చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. చల్లపల్లి దాటాక పక్క సీటావిడ, "పాపా, బాబా?" అంది. "మా అన్నయ్యండీ" అన్నాను. 

కౌంటర్లో కుర్రాడు మర్యాదస్తుడే. తూకం వేశాడు. గుళ్ళు చూసి, "ఇవేంటమ్మా?" అన్నాడు. వలవి అన్నాను. కాగితం మీద లోపల ఏముందో రాయాలట.

"ఆటబొమ్మ అని రాసేద్దామమ్మా, గొడవుండదు" అన్నాడు.

"నూట ముప్పై ఏళ్ళ కిందట ఒకడు అలాగే రాశాడు నాయనా. ఆ గొడవే ఇంకా తెగలేదు."

"మరేం రాయమంటారు?"

"పడవ."

"పడవల్ని పోస్టులో తీసుకోరండి!" వెనక లైన్లో అందరూ నవ్వారు. నేను పక్కకి జరగలేదు. లోపల్నించి పెద్దాయన వచ్చాడు. కళ్ళజోడు పైకెత్తి పడవని చూశాడు, నన్ను చూశాడు. ఆయనది గిలకలదిండి అట, సముద్రపు మనిషే. "చెక్క పడవ అని రాయవయ్యా. ఉన్నదే రాయి" అన్నాడు.

కుర్రాడు రాశాడు. మళ్ళీ అడిగాడు, "కొత్తదా అమ్మా, వాడిందా?"

"ఇంకా వాడలేదు" అన్నాను.

మీ ట్రస్టీలకి ఒక అర్జీ పెడుతున్నాను. కొత్త బరమా కూడా పెడుతున్నాను. దీన్ని పారెయ్యకు.

చూపుడు వేలు పట్టాలి. గుర్తుంచుకో.

అత్త


ఇంగ్లండ్
9 జూన్ 2024

అత్తా,

పార్శిల్ ఆలస్యంగా అందింది. దారిలో ఎవరో విప్పి, చూసి, మళ్ళీ కట్టారు. కాగితం మీద "చెక్క పడవ" అని అలాగే ఉంది.

నేను రెండు వారాలు దాన్ని బల్ల మీదే ఉంచాను. ఆ రెండు వారాల్లో ఇక్కడ జరిగింది ముందు చెబుతాను. పార్శిల్లో నువ్వు పెట్టిన అర్జీని ట్రస్టీల ముందు ఉంచాను. ఈసారి లోపలికి పిలిచారు. ఒకాయన అడిగాడు: "మీకు దీన్ని ప్రేమగా చూసుకునే చోటు చూపిస్తున్నా ఎందుకు వద్దంటున్నారు?" నేను చెప్పాను: "ఎవరైనా మీవాళ్ళ సమాధిని తవ్వి తెచ్చి, చక్కగా తుడిచి, బాగా చూసుకుంటామంటే మీరేమంటారు?" ఆయన కాగితాలు సర్దుకున్నాడు. పడవ ఇచ్చేది లేదన్నారు. ఆ మాట మారలేదు.

అప్పుడు రెండోది అడిగాను. 1974లో పెట్టిన లప్పం పడవది కాదు, మీది. మీది మీరు తీసుకోండి.  ఓటు వేశారు, ఒక్క ఓటుతో గెలిచాం. మరమ్మతుల గదిలో నా కళ్ళముందే తీశారు. బెజ్జం నువ్వన్నట్టే పెన్సిలు మొనంత ఉంది. అంచులు వంకర. బరమా మధ్యలో ఆగి, మళ్ళీ తిరిగినట్టు ఉంది. ఎవరో చిన్నపిల్లల చెయ్యి. నేను ఆ గదిలో ఏడవలేదు. ఇప్పుడు రాస్తూ ఏడుస్తున్నాను, నీకు తెలియదు.

మర్నాడు ఇంట్లో బరమా తీశాను. ముందు అమ్మకి ఫోన్ చేశాను. ఎత్తింది. "పెట్టనా?" అన్నాను. "పెట్టు. పెద్దది పెట్టు" అంది. ఫోన్ పెట్టెయ్యలేదు. బరమా తిరుగుతున్న చప్పుడు అంతా వింది.

చూపుడు వేలు దూర్చి చూశాను. పట్టింది.

ఇక్కడ సముద్రంలోకి పొడుగ్గా ఒక చెక్క వంతెన ఉంటుంది. పోయిన ఆదివారం ఆటు సమయం చూసుకుని దాని చివరికి వెళ్ళాను. మార్గరెట్ వస్తానంది. కెమెరా, ఫోన్ లేకుండా అయితే రమ్మన్నాను. అలాగే వచ్చింది, దూరంగా నిలబడింది. మెట్లు దిగి నీళ్ళ మీద పెట్టాను. కొంచెం దూరం మామూలుగా వెళ్ళింది. తర్వాత ముక్కు వంగింది. గుళ్ళు ముందుకి జారిన చప్పుడు వినిపించింది. దిగిపోయింది.

పోటు మొదలయ్యేదాకా అక్కడే ఉన్నాను. తిరిగి రాలేదు.

ప్రసన్న


మడదిబ్బ
3 జులై 2024

ప్రసన్నా,

నువ్వు వదిలిన నాటి నుంచి లెక్కపెట్టి పదకొండో రోజున భోజనాలు పెట్టాం. ఆ రోజు నీ ఉత్తరం ఇంకా రాలేదు, మీ అమ్మ ఫోన్లో చెప్పిన మాట మీదే పెట్టాం. మోహనకృష్ణ రాలేదు. వాళ్ళావిడ వచ్చింది, రెండుసార్లు వడ్డించుకుంది. మీ అమ్మ గుడివాడ నుంచి శివ బండి మీద వచ్చింది. బొట్టు పెట్టుకునే వచ్చింది. నాగేశ్వరమ్మ ఆవిడ గాజుల చేతిని చాలాసేపు పట్టుకుని కూర్చుంది.

భరిణె నేనే తిప్పాను. మీ అమ్మ దగ్గర ఆపాను. తర్వాత నాగేశ్వరమ్మ దగ్గర కూడా ఆపాను. "నాకెందుకే ఈ వయసులో" అని గదిమి, నుదురు ముందుకి వంచింది.

దూలం మీద తాడు ఇంకా వేలాడుతోంది. శివ విప్పుతానన్నాడు. ఉంచమన్నాను, ఉల్లిపాయలు కట్టుకోవచ్చు.

ఈ కవరులో మీ ట్రస్టీలకి ఇంకో అర్జీ ఉంది. "మా పడవ ఇవ్వండి, ముంచాలి" అని ఒకటే వాక్యం. కింద నా సంతకం, నా కింద శివది, వాడి కింద వాడి కూతురిది. ఏటా ఇదే నెలలో ఒకటి వస్తుందని చెప్పు. నేను పోతే ఆగుతుందని అనుకోవద్దని కూడా చెప్పు.

వాళ్ళు ఇవ్వకపోతే బెంగపడకు. లప్పం తీయించావుగా. ఇన్నేళ్ళూ అది వాళ్ళ దగ్గర బొమ్మగా ఉంది. ఇప్పుడు పడవగా ఉంది. ఇక దానికి నీళ్ళు తగలడమే తరువాయి.

అత్త
అచ్చమ్మ